సీతారావమ్మ చెట్టు

సీతారావమ్మకు సవతి లేదు. ఉన్నా బాగుండేదని ఆ వేసవిలో ఆమెకు చాలాసార్లు అనిపించింది. సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు, నలుగురినీ పిలిచి న్యాయం అడగవచ్చు. మొగుడి స్నేహితుణ్ణి ఏం చేస్తారు? అందులోనూ సముద్రం అవతల ఉన్నవాణ్ణి?

ఆ స్నేహితుడి పేరు పెరేరా, ఊరు కొలంబో. ఆమె మొగుడు వీరభద్రరావు కుర్రతనంలో మద్రాసు కాలేజీలో ఏడాదిన్నర చదివాడు. తండ్రి పోవడంతో చదువు అక్కడితో ఆపి, నూజివీడు వచ్చి మామిడిపళ్ళ వ్యాపారంలో కూర్చున్నాడు. ఆ ఏడాదిన్నరా హాస్టల్లో అతనితో ఒకే గదిలో ఉన్నవాడు పెరేరా. కాలేజీ పోయింది, మద్రాసు పోయింది, తెల్లవాళ్ళ రాజ్యం కూడా పోయింది, పెరేరా మాత్రం పోలేదు. నెల తిరిగేసరికి ఇక్కణ్ణించి ఒక ఉత్తరం వెళ్ళేది, అక్కణ్ణించి ఒకటి వచ్చేది. సీతారావమ్మ ముసునూరులో పుట్టింటికి వెళ్ళి నెల్లాళ్ళున్నా వీరభద్రరావు రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు.

అదైనా ఓర్చుకునేది. ఆమె ఒళ్ళు మండేది ఇంకొకందుకు. వీరభద్రరావు కడుపులో మాట దాగదు. దుకాణంలో దాగేది, ఊళ్ళో దాగేది, కొలంబో దగ్గరికి వచ్చేసరికి దాగేది కాదు. ఇంట్లో ఉప్పు నిండుకున్నా పెరేరాకు తెలియాల్సిందే. ఒకసారి పెరేరా ఉత్తరం చదువుతూ వీరభద్రరావు పగలబడి నవ్వాడు. ఏమిటని అడిగితే, ‘మీ ఆవిడ నీతో మాటలు మానేసిందన్నావు, మళ్ళీ మొదలుపెట్టిందా’ అని రాశాడట. ఆ మాటతో సీతారావమ్మ మళ్ళీ మానేసింది. ఆ సంగతీ కొలంబో చేరే ఉంటుంది.

స్వరాజ్యం వచ్చి రెండేళ్ళు కావస్తున్న ఆ ఎండాకాలంలో పెరేరా నిజంగానే ఊడిపడుతున్నాడని తెలిసింది. మద్రాసు కాలేజీ పాత విద్యార్థులందరూ కలుసుకోవాలని ఎవరికో బుద్ధి పుట్టింది. యుద్ధం ముందు ఆ కాలేజీకి సింహళం నుంచి, మలయా నుంచి, రంగూన్ నుంచి కూడా పిల్లలు వచ్చి చదివేవారు. యుద్ధంలో ఎవరు ఎటు పోయారో, ఎవరు బతికి ఉన్నారో చూసుకున్నట్టూ ఉంటుంది, కుర్చీల్లో కూర్చుని ఉపన్యాసాలు వినిపోకుండా కాస్త దేశం తిరిగినట్టూ ఉంటుందని నిర్ణయించుకున్నారు. మద్రాసులో సభ, తరవాత మహాబలిపురం, అక్కణ్ణించి మెయిలెక్కి బెజవాడ. బెజవాడ నుంచి అంతా చూపించే పూచీ వీరభద్రరావు తన నెత్తిన వేసుకున్నాడు. నూజివీడులో పళ్ళ విందు, కొండపల్లి బొమ్మలు, ఉండవల్లి గుహలు, కృష్ణలో పడవ మీద అమరావతి.

ఉండవల్లి గుహలన్న మాట వినగానే సీతారావమ్మకు అన్నం సయించలేదు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె నోరు తెరిచి అడిగిన ఒకే ఒక కోరిక అది. ఉండవల్లి చూద్దామండీ, కృష్ణలో పడవెక్కుదామండీ అంది. ఎండాకాలం కోతలన్నాడు. కోతలయ్యాక వానలన్నాడు. వానలు వెలిశాక దుకాణం లెక్కలన్నాడు. ఆ తరవాత పూత, పూతకు మంచు పట్టకుండా చూసుకోవాలన్నాడు, పిందె పడ్డాక గాలివానలన్నాడు, మళ్ళీ కోతలు వచ్చాయి. మామిడి చెట్టుకు తీరిక లేకపోతే మనిషికి ఎక్కడ తీరిక అని అతని వాదం. ఆ మనిషే ఇప్పుడు కోతలు ముమ్మరంగా ఉండగా, దుకాణం తమ్ముడికి ఒప్పజెప్పి బస్సు మాట్లాడాడు. అదీ యుద్ధకాలపు బొగ్గు బస్సు కాదు, పెట్రోలు బస్సు.

అక్కడితో ఆగినా పోయేది. ఒక రాత్రి అన్నం తింటూ, పెరేరాకు నీ చెట్టు పళ్ళు పెడతానని రాశానన్నాడు.

నూజివీడు వైపు తోట కాపు ఎవరికి అమ్మినా ఇంటి కోసం ఒక చెట్టు విడిచిపెడతారు. ఆ చెట్టు ఇల్లాలిది. ఎప్పుడు కోయించాలో, ఎలా మాగవెయ్యాలో, ఎవరికి పెట్టాలో చెప్పేది ఆమె. మగవాళ్ళు అందులో తల దూర్చరు. ఆగిరిపల్లి దారిలో ఉన్న వాళ్ళ తోటలో సీతారావమ్మ చెట్టుకు ఇంకో గొప్ప కూడా ఉంది. పెళ్ళైన ఏడు ఆమె తండ్రి ముసునూరు నుంచి ఎడ్లబండిలో ఆ అంటు మొక్కను ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, తన చేత్తో నాటి వెళ్ళాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ పండుకు పేరు లేదు. చిన్న రసం లాగే ఉంటుంది, కాని చివరికి నాలుక మీద ఏలకుల వాసన లాంటిది నిలుస్తుంది. ఆ ఏడు గాలివానకు రాలింది రాలగా ఒక్క గంపెడు కాయ మిగిలింది.

“నన్నడక్కుండా ఎలా రాశారండీ?” అంది సీతారావమ్మ.

“పెరేరాకే కదా,” అన్నాడు వీరభద్రరావు. అంతకంటే పెద్ద కారణం ఉంటుందని అతనికి తోచలేదు.

సీతారావమ్మ మర్నాడు తోటకు వెళ్ళి తన చెట్టు కాయ తొడిమలతో సహా కోయించి తెచ్చింది. పిల్లలు ఆగిరిపల్లిలో మేనత్త ఇంటికి వెళ్ళారు గనక ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. వెనక గదిలో ఎండుగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి, దాని మీద ఖాళీ గోతాలు వేసింది. ముందు గదిలో మరో గడ్డి పరుపు వేసి, తోటలో చిన్న రసాలు మంచివే ఏరి మాగవేసింది. కొలంబో వాడికి అవే చాలు. ఏడాదికోసారి వచ్చే గంపెడు కాయ, తండ్రి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన చెట్టు కాయ, తన గుట్టంతా తెలుసుకుని కూర్చున్న మనిషి నోట్లో పొయ్యడానికి ఆమె చేతులు రాలేదు.

చుట్టాలు వచ్చారు. పదిమంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. పెరేరా పొడుగ్గా ఉంటాడని సీతారావమ్మ ఎందుకో అనుకుంది. పొట్టిగా, బట్టతలతో, తెల్ల డ్రిల్లు బట్ట సూటులో ఉన్నాడు. బస్సు దిగుతూనే వీరభద్రరావును కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఇంగ్లీషులో ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరూ వినడం లేదు. వీరభద్రరావు కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది. తల్లి పోయినప్పుడు తుడుచుకున్నాడు, మళ్ళీ ఇప్పుడే.

తోటలో చాపలు పరిచి, పళ్ళు నీళ్ళ గంగాళంలో వేసి విందు మొదలుపెట్టారు. పెరేరా జేబులోంచి చాకు తీశాడు. వీరభద్రరావు నవ్వి చాకు లాక్కుని, పండును రెండు అరచేతుల మధ్యా మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క నేల మీద పిండేసి అతని చేతికిచ్చాడు. ఆ మొదటి చుక్కలో సొన ఉంటుంది, అది పారబొయ్యకపోతే మూతి పొక్కుతుంది. రసం మోచేతుల దాకా కారుతుంటే పెరేరా కళ్ళు మూసుకుని చీకాడు. ఇదేనా నువ్వు రాసిన మీ ఆవిడ చెట్టు పండు, ఇన్నేళ్ళూ నువ్వు కోతలు కోస్తున్నావనుకున్నాను అన్నాడట. ఆ మాటలు సీతారావమ్మకు తెలుగులో చెప్పింది వచ్చిన ఆడవాళ్ళలో ఒకరైన పుష్పవతి. ఆమె భర్త సువర్ణరాజుది ఉంగుటూరు, ఇప్పుడు సింగపూరులో బడిపంతులు.

అప్పుడు వీరభద్రరావు తానూ ఒక పండు తీసుకున్నాడు. పిసికాడు, చుక్క పారబోశాడు, నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, సీతారావమ్మ వైపు చూశాడు. ఆమె గంగాళంలోకి చూస్తూ నిలబడింది. అతను పండును టెంక దాకా చీకి పారేసి, పెరేరాతో అవును, అదే అన్నాడు.

సీతారావమ్మకు లోలోపల గెలిచినట్టు అనిపించింది. పళ్ళ వ్యాపారికే రుచి తెలియలేదు, స్నేహితుడు ఎదురుగా ఉంటే మనిషికి నాలుక కూడా పనిచెయ్యదు కాబోలు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే బస్సు వాకిట్లో ఆగింది. వాళ్ళు కొండపల్లి వెళ్తారు, ఆమె గడప దగ్గర నిలబడుతుంది. అంతే ఏర్పాటు. బస్సులోంచి పుష్పవతి తల బయటపెట్టి, వదినగారూ మీరు రారా అంది. సీతారావమ్మ మొగుడి వైపు చూసింది. వీరభద్రరావు మొహంలో ఆ ఆలోచన అప్పుడే పుట్టినట్టు స్పష్టంగా కనిపించింది. దానికి ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, వెంటనే వెళ్ళి చీర మార్చుకుంది. మీరు పిలవకపోతే రానా, ఆవిడ పిలిచిందిగా, వస్తాను అన్నట్టు నాలుగు చీరలు పెట్టెలో కుక్కింది.

తాళం వేసేటప్పుడు మాత్రం అడుగు ఆగింది. వెనక గదిలోంచి సన్నగా వాసన మొదలైంది. రేపో ఎల్లుండో కాయ పండుతుంది. పండిన రోజే గడ్డి తీసి విడదియ్యాలి. ఎవరికైనా తాళంచెవి ఇచ్చి పోదామంటే, ఏం పళ్ళవి, ఎవరివి అని రచ్చ అవుతుంది. వీరభద్రరావు ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. వెనక గది వైపు మొహం తిప్పి ఒక్కసారి గట్టిగా గాలి పీల్చాడు. తరవాత తానే తలుపు దగ్గరగా వేసి, తాళం పెట్టి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

“పద, ఆలస్యమవుతోంది,” అన్నాడు.

కొండపల్లిలో పెరేరా తన పిల్లలకు బొమ్మలు కొంటుంటే వీరభద్రరావు రంగులు ఎంచిపెట్టాడు. తన పిల్లలకు కొన్నది సీతారావమ్మే. ఉండవల్లిలో కొండను తొలిచిన ఆ అంతస్తుల్లో, చల్లని చీకట్లో, పడుకున్న అనంతశయనుణ్ణి చూసినప్పుడు ఆమె ఒక్క ఘడియ అందరినీ మరిచిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే వీరభద్రరావు పెరేరాకు దేవుడి పాదాలు చూపిస్తున్నాడు. ఇన్నేళ్ళుగా తనకు చూపించాల్సిన పాదాలవి. అక్కణ్ణించి అమరావతికి కృష్ణలో పడవెక్కారు. స్నేహితులిద్దరూ ఒక పక్క కూర్చుని హాస్టలు వంటవాణ్ణి తలుచుకుని నవ్వారు. ఆమె ఆడవాళ్ళ పక్కన కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ నవ్వులు లెక్కపెట్టింది.

లెక్కపెట్టవలసినవి ఇంకా ఉన్నాయి. ఇవాళ పండి ఉంటాయి. ఇవాళ తియ్యకపోతే రేపటికి తొడిమ దగ్గర మెత్తబడతాయి. మూసిన గది, పైన గోతాలు. తండ్రి మొహం కళ్ళ ముందు ఆడింది.

అమరావతిలో పెరేరాకు రాళ్ళ మీది చెక్కడం వదలబుద్ధి కాలేదు. ఇంకో రోజు ఉందామన్నాడు. వీరభద్రరావు ఎప్పుడూ లేనిది, వెంటనే ఒప్పుకోకుండా సీతారావమ్మ దగ్గరికి వచ్చాడు.

“ఇంటికెళ్ళాలనుందా? ఏమన్నా పని ఉందా ఇంట్లో?” అని అడిగాడు.

అతని భుజం మీదుగా పెరేరా కనిపిస్తున్నాడు. ఉందంటే ఎందుకని అడుగుతాడు. చెబితే ఈ మనిషి నేరుగా వెళ్ళి ఆ మనిషికి చెబుతాడు, ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. “నాకేం పని,” అంది.

“అయితే ఉందాం,” అన్నాడు వీరభద్రరావు.

ఆ సాయంత్రం పుష్పవతి ఆమెను గట్టు మీదికి తీసుకుపోయి సూర్యాస్తమయం చూపించింది. బాగుంది. కాని సీతారావమ్మకు ఎర్రటి సూర్యుడిలో కూడా మెత్తబడుతున్న పండే కనిపించింది.

చుట్టాలను బెజవాడలో రైలెక్కించి ఇద్దరూ నూజివీడు వచ్చేసరికి మధ్యాహ్నం. పెరేరా రైలు పెట్టెలోంచి చేతులూపినంతసేపూ వీరభద్రరావు ప్లాట్‌ఫారం మీద నడుస్తూనే ఉన్నాడు.

తాళం తియ్యగానే వాసన కొట్టింది. మాగిన వాసన కాదు, పులిసిన వాసన. సీతారావమ్మ వెనక గదిలోకి పోయి గోతాలు లాగేసింది. గడ్డి తడిసి నల్లబడింది, ఈగలు లేచాయి. ఏ పండు ముట్టుకున్నా వేలు లోపలికి దిగింది. ఆమె అక్కడే కూలబడి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వీరభద్రరావు చొక్కా విప్పి పక్కన కూర్చున్నాడు. ఏమిటివన్నీ అని అడగలేదు. వ్యాపారి చేతులు కదా, ఒక్కొక్క పండూ తీసి తడిమి పక్కన పెడుతూ పోయాడు. అడుగున ఒక మూల గోడవారగా ఒకటి దొరికింది. సగం బాగుంది. దాన్ని మెల్లిగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి చుక్క పిండేసి ఆమె చేతిలో పెట్టాడు.

“తిను. మీ నాన్న చెట్టుది.”

ఆమె తలెత్తింది. “మీకెప్పుడు తెలిసింది?”

“తోటలో నోట్లో పెట్టుకున్నప్పుడే. బయల్దేరిన పొద్దున తాళం వేస్తుంటే ఎక్కడున్నాయో కూడా తెలిసింది.” అతను గడ్డి వైపు చూశాడు. “పడవలో కూర్చున్నంతసేపూ ఇవాళ పండి ఉంటాయి, ఇవాళ పోయుంటాయి అనుకుంటూనే ఉన్నా.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే బస్సు దిగేసేదానివి.”

దుకాణంలో ఒక్క కాయ దొర్లిపోతే వీధి చివరిదాకా వెంటపడే మనిషి అతను. ఆమె పండు నోటి దాకా తీసుకుపోయి ఆపింది. ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయింది.

“పెరేరాకు చెప్పారా?”

“వాడికెందుకు?” అన్నాడు వీరభద్రరావు. “వాడు తిన్నది నీ చెట్టు పండే అనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ.”

ఆమె పండు చీకింది. కొంచెం పులిసింది, చివర ఏలకుల వాసన మాత్రం ఉంది. కొలంబోకు తెలియని సంగతి ఆ ఇంట్లో ఇదొక్కటే. టెంక దాకా మెల్లిగా తింది.