చెయ్యి కనపడలేదు

లాల్ బాషా జల్లించిన ముగ్గుపిండిని పాత మాత్రల డబ్బాలోకి వంపుతున్నాడు. పిండి మెత్తగా ఉంటేనే అడుగు అచ్చు పడుతుంది. గరుకుగా ఉంటే పిల్లి నడిచినా తెలియదు. డబ్బా మూత బిగించి టేపు, టార్చి, భూతద్దం ఒక్కొక్కటే సంచిలో సర్దుకున్నాడు. పొట్టి మనిషి, అరవై రెండేళ్ళు. ఏలూరు పవర్‌పేటలోని ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా శుభలేఖలు కంపోజ్ చేసీ చేసీ, తల ఒక పక్కకి వాల్చి చూడటం అలవాటైపోయింది. ఎదుటి మనిషిలో కూడా అచ్చుతప్పు వెతుకుతున్నట్టే ఉంటుంది ఆ చూపు.

"ఇవాళ ఎక్కడి దెయ్యమండీ?" అంది ఆబిదా, టీ గ్లాసు అతని పక్కన పెడుతూ.

"కొల్లేటికోట. ఇంటిమీద రాళ్ళు పడుతున్నాయంట."

"ఇన్నేళ్ళలో ఒక్కటన్నా నిజం దొరికిందా మీకు?"

అతను టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా ఇలా వింతలు వెతుక్కుంటూ పోవడం, వాటిని జిల్లా వారపత్రికలో 'చెయ్యి ఎవరిది?' అనే శీర్షిక కింద రాయడం అతని వ్యసనం. చెమట పట్టే విగ్రహం, మూసిన పెట్టెలో కాలిపోయే బట్టలు, పాలు కారే వేపచెట్టు. రెండువందల పదకొండు రాశాడు. నోటుపుస్తకంలో ప్రతి వింత చివరా 'చెయ్యి' అని రాసి, పక్కన ఆ పని చేసినవాళ్ళ పేరు రాస్తాడు. ఎక్కడా ఖాళీ లేదు. ఒక్కసారైనా అక్కడ ఖాళీ వదలాల్సి వస్తుందేమోనన్న ఆశతోనే బయలుదేరతాడని ఆబిదాకి కూడా తెలియదు.

ఈసారి పిలిచింది అమరేశ్వరరావు. కైకలూరులో కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, చేపల చెరువులు కూడా ఉన్నాయి. "దెయ్యం లేదని మీ పేపర్లో పడితే చాలండీ" అన్నాడు ఫోన్లో. అక్కడే లాల్ బాషాకి అనుమానం పుట్టింది. ఇన్నేళ్ళుగా పిలిచినవాళ్ళందరూ దెయ్యం ఉందని రాయమన్నవాళ్ళే. లేదని రాయించుకోవలసిన అవసరం ఈయనకేమొచ్చింది?

బస్సు దిగి, ఆటో పట్టుకుని కొల్లేటికోట చేరేసరికి పదిన్నర. ఊరి చివర చెరువు గట్టుమీద అమరేశ్వరరావు తెల్లచొక్కాతో నిలబడి ఉన్నాడు. అతని వెనక ఒక పొక్లెయిన్, దాని అద్దం పగిలి ఉంది.

"పదకొండు రోజులైందండీ పని ఆగిపోయి. డ్రైవరు పారిపోయాడు. కూలోళ్ళు రానంటున్నారు. ఆ ముసలావిడ మొగుడు దెయ్యమై రాళ్ళేస్తున్నాడంట."

"ఆవిడ ఇల్లు మీ చెరువు మధ్యలోకి వస్తుందాండీ?"

అమరేశ్వరరావు నీళ్ళ వైపు చూశాడు. "గట్టు వెయ్యాలంటే ఆ జాగా కావాలండి. వేరే చోట ఇల్లు కట్టిస్తానన్నాను. వినదు."

ఆ ఇల్లు గట్టు చివర ఒక్కటే ఉంది. తాటాకు గోడలు, పైన రేకులు. వెంకటనరసమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. సన్నటి మనిషి, మోచేతుల దాకా పొలుసులు. ఆమె అతన్ని కూర్చోమంది గాని ఎందుకొచ్చావని అడగలేదు. అది కూడా అతనికి అనుమానంగానే తోచింది.

ఇంటికీ పెరటికీ కలిపి చుట్టూ ముగ్గుపిండి చల్లి, చూరు కింద కూర్చున్నాడు. ఆమె చేపలు తీసుకుని పెరటి వైపు వెళ్ళింది. ఎండ నడినెత్తికి వచ్చాక రేకులమీద ఠంగున రాయి పడింది. దొర్లి అతని కాళ్ళ దగ్గర ఆగింది.

లేచి ఇల్లంతా చుట్టి చూశాడు. పిండిమీద ఒక్క అడుగు లేదు. బయటినుంచి ఎవరూ రాలేదు. అంటే ఆ చెయ్యి ముగ్గు గీతకి లోపలే ఉంది. రాయి తీసి భూతద్దంలో చూశాడు. ఎర్రటి గులకరాయి, ద్వారకా తిరుమల కొండమీద దొరికే రకం. కొల్లేరంతా నల్ల బంకమన్ను, గోరంత రాయి దొరకదు. లోపల గోడకి ద్వారకా తిరుమల స్వామి పటం, కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. దూలానికి రాళ్ళు విసిరే వడిసెల ఒకటి వేలాడుతోంది. ఇంట్లో అన్నిటిమీదా దుమ్ముంది, ఆ తాడుమీద తప్ప.

"తిరుమలెప్పుడెళ్ళారమ్మా?"

పెరటిగుమ్మంలో నిలబడ్డ వెంకటనరసమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. "పోయిన నెలండి."

"ఈ వడిసెల?"

"మా ఆయనదండి. చెరువులమీద పిట్టల్ని తోలేవోడు. నాకూ నేర్పాడు." అతని సంచి వైపు చూసి, "రాసేత్తారాండి?" అంది.

అతనికి గుండుగొలనులో ఒక ఇంటి కోడలు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట పెట్టెలో బట్టలు తగలబెట్టింది ఆమేనని తేల్చి, పేరుతో సహా రాశాడు. తర్వాత ఒకసారి అటువైపు వెళితే ఆ ఇంట్లో ఆమె కనపడలేదు. పుట్టింటికెళ్ళిందని ఒకరు, లేదని ఒకరు అన్నారు. అత్తగారు తలుపు వేసుకుంది. ఎవరిమీదా లేని నమ్మకం ఆ ఒక్కరోజు మాత్రం పుట్టింటి మాటమీద పెట్టుకుని, మళ్ళీ అడగకుండా బస్సెక్కేశాడు.

"వేరే ఇల్లు కట్టిస్తానంటున్నారు కదమ్మా."

"ఊళ్ళోనండి. చుట్టూ నీళ్ళు లేకపోతే నాకు నిద్రట్టదండి" అంది.

బయలుదేరుతుంటే ఎండురొయ్యలు పాత పేపర్లో పొట్లం కట్టి చేతికిచ్చింది. "ఇంట్లో అమ్మగారికివ్వండి."

అతను గట్టుమీదే కూర్చుని నోటుపుస్తకం తీశాడు. చాలాసేపు పెన్ను కదలలేదు. చివరికి రాసి, ఆ పేజీ ఫొటో తీసి అక్కడినుంచే ఎడిటరుకి పంపేశాడు, మళ్ళీ మనసు మారకుండా.

"ఏం తేల్చారండీ?" అన్నాడు అమరేశ్వరరావు.

"తేలలేదండి. నా కళ్ళముందే పడింది రాయి. ఆవిడ నా పక్కనే ఉంది."

అమరేశ్వరరావు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మీరూ ఆవిడ మనిషేనా ఏంటండీ?"

లాల్ బాషా నవ్వాడు. జీవితంలో మొదటిసారి ఎదుటివాడి కళ్ళలో తన చూపు కనపడింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎడమ భుజం లాగుతుంటే సంచి బరువనుకుని కుడిచేతికి మార్చుకున్నాడు. రెండు పక్కలా కొల్లేరు, కొంగలు, చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల నురగ. చెట్టున్నపాడు దాటాక తల కిటికీకి ఆనించాడు. సాయంత్రం నాలుగున్నరకి ఏలూరు పాత బస్టాండులో అందరూ దిగిపోయారు. కండక్టరు జీవరత్నం వచ్చి "పెద్దాయనా, దిగాలండీ" అని భుజం తట్టింది. రెండోసారి తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

తర్వాతి వారం పత్రికలో ఆ వ్యాసం నల్లగీతల మధ్య అతని ఫొటోతో వచ్చింది. చివరి వాక్యం 'చెయ్యి కనపడలేదు'. రాసినవాడు కూడా ఇంటికి చేరలేదన్న మాట కూలీల్లో పాకింది. ఆ గట్టుమీదకి ఇంకెవరూ రాలేదు. అమరేశ్వరరావు పొక్లెయిన్‌ని లారీ ఎక్కించి వేరే చెరువుకి పంపాడు.

జీవరత్నం సంచితోపాటు పొట్లాన్ని కూడా తెచ్చి ఆబిదాకిచ్చింది. ఆబిదా విప్పి చూసింది, వాసన చూసింది. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో, తినొచ్చో లేదో చెప్పేవాళ్ళు లేరు. వండనూ లేదు, పారెయ్యనూ లేదు. వంటింటి అటక అంచున, చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో గిన్నె పెట్టి, ఆ గిన్నెలో ఉంచింది. పేపరుమీద ఉప్పు తెల్లగా తేలుతోంది.