రోమ్‌లో కొళాయి కట్టేసిన రోజు

రోమ్ నగరం చూడబోయి నేను చేసిన మొదటి ఘనకార్యం అక్కడి కొళాయి ఒకటి కట్టేయడం. రెండోది కుక్కను పోగొట్టడం. ఒకదాని వెనకే ఒకటి, ఒక్క నిమిషంలో జరిగిపోయాయి.

అసలు నన్నెవరూ పిలవలేదు. కదిరిలో మా పక్కింటి హలీమాబీ కూతురు నాజ్‌నీన్ నా దగ్గరే ఇంగ్లీషు చదువుకుంది. ఇప్పుడు రోమ్‌లో మెట్టపంటల మీద పనిచేసే ఆఫీసులో ఉద్యోగం. వాళ్లమ్మను రమ్మని టికెట్టు పంపితే హలీమాబీ మొండికేసింది. "టీచరమ్మ వస్తే వస్తా. ఇంగ్లీషు తెలిసిన మనిషి పక్కనుండల్ల." ఆమె భర్త రసూల్ సాబ్ సంతలో గొర్రెల బేరాలు చేసే మనిషి. ఆయనే నా టికెట్టు కూడా తీయించి, "ఇద్దరూ పోండమ్మా, నాకు పది దినాలు నెమ్మది" అన్నాడు. ముప్పై ఏండ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన గర్వంతో నేనూ బయల్దేరాను. విమానాశ్రయంలో అధికారి ఏదో అడిగితే నేను మూడుసార్లు "పార్డన్" అన్నాను. నాలుగోసారికి హలీమాబీ పది వేళ్లు చూపించింది. పది దినాలని. ఆయన ముద్ర కొట్టి పంపేశాడు.

కుక్క నాజ్‌నీన్‌ది కాదు, ఇంటి ఓనరుది. కింద అంతస్తులో క్లారా అని ఒంటరి ముసలామె ఉంటుంది. వాళ్ల చెల్లెలి ఊరికి పోతూ కుక్కను నాజ్‌నీన్‌కు అప్పజెప్పింది. పేరు ఆర్తూరో. జానెడు కాళ్లు, మూరెడు నడుము. పొట్ట నేలకు ఒరుసుకుంటా, ఆఫీసుకు ఆలస్యంగా వచ్చే తాసిల్దారు మాదిరి నడుస్తుంది. మొదటి రోజే హలీమాబీ దానికి సాబ్ అని పేరు పెట్టేసింది. పేరైతే పెట్టింది గాని దాన్ని తాకదు. నమాజు చేసుకునే మనిషి, అది తగిలితే మళ్లీ కడుక్కోవాలి. అది సోఫా దగ్గరికొస్తే కాళ్లు రెండూ పైకెత్తుకొని కూర్చునేది.

"నేను సాయంత్రం వచ్చి తిప్పుతాలే టీచర్" అంది నాజ్‌నీన్.

"కుక్కలు మాకు కొత్తనా? మా నాయన మందలో నాలుగు కుక్కలుండేవి" అన్నాను.

అది నిజమే. ఆ నాలుగింటిలో ఒక్కదాన్నీ నేను ఏనాడూ ఎక్కడికీ తీసుకుపోలేదని మాత్రం చెప్పలేదు. అవే పోయేవి, అవే వచ్చేవి.

నాజ్‌నీన్ తాడు నా చేతికిస్తూ, "జాగ్రత్త టీచర్. దీనికి ఏమైనా అయితే ఆమె నన్ను ఈ ఇంట్లో ఉండనీదు. ఈ ఊర్లో ఇల్లు దొరికేదానికి నాకు ఏడు నెలలు పట్టింది" అంది. పిల్ల ఆ ఏడు నెలలూ ఎవరెవరి సోఫాల మీద పడుకుందో వాళ్లమ్మకు తెలియదు. నాకు తెలుసు.

అట్లా ఆ నగరాన్ని మేము కుక్కతో చూశాం. అంటే కుక్కను లోపలికి రానివ్వని చోట్లన్నీ బయటినుంచి చూశాం. ఎంత పేరున్న కట్టడమైనా మాకు వెలుపలి గోడే దక్కింది. ఆ పెద్ద గుండ్రటి శిథిలం ముందర నిలబడి నేను పుస్తకంలో చదివినదంతా చెప్పుకొస్తుంటే హలీమాబీ ఓపికగా విని, "మన గుత్తి కోట మాదిరే ఇదీ పడిపోయిందే. ఆడ ఇంత జనం లేరు, అంతే" అంది. చెట్ల మొదళ్లు, దీపస్తంభాలు, మూలమలుపులు మాత్రం ఒక్కటి వదలకుండా చూశాం. ఆర్తూరో చూపించింది.

ఆరో రోజు శుక్రవారం. సాయంత్రం ఆరింటికి క్లారా ఊరినుంచి వస్తుంది. కుక్కతో అదే మా ఆఖరి తిరుగుడు. అక్కడివాళ్లు ఎండ ఎండ అని చెట్ల కింద చేరుతున్నారు. ముప్పై డిగ్రీలు. కదిరిలో మే నెలలో తెల్లారేసరికే అంత ఉంటుంది. ఈ మాత్రానికేనా అని మేమిద్దరం నవ్వుకుంటా నడిచాం. ఆర్తూరో నాలుక బారెడు బయట వేలాడుతోంది. కొవ్వు అనుకున్నాను. పైగా ఊరికే ఒక పక్కకు తాడు గుంజుతోంది. పొగరు అనుకున్నాను.

ఆ పక్కన ఉండేది కొళాయి.

ఆ ఊరి వీధుల్లో ఇనుప కొళాయిలు ఉంటాయి. నడుమెత్తు స్తంభం, వంపు తిరిగిన గొట్టం, తిప్పడానికి ఏమీ లేదు. రాత్రీ పగలూ చేతిమందాన నీళ్లు పడి కింద బొక్కలోకి పోతూ ఉంటాయి. బిందె లేదు, మనిషి లేడు. నేను పుట్టింది కుందుర్పిలో. మాకు నాలుగు రోజులకొకసారి నీళ్లు. వీధి కొళాయి తల ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది కాబట్టి మొక్కజొన్న కండెకు గుడ్డ చుట్టి దాని నోట్లో దోపుతాం. నీళ్లు ఊరికే పోతుంటే ముందు ఎవరు చూస్తే వాళ్లే కట్టాలి, అది ఏ కులం వీధైనా సరే. కట్టకుండా దాటిపోయిన ఆడమనిషి గురించి పదేండ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు. ఐదు రోజులు ఆ కొళాయిల పక్కన మొహం తిప్పుకొని నడిచాను. ఆరో రోజు నా వల్ల కాలేదు.

"ఏం చేస్తాండావు?" అంది హలీమాబీ.

"కట్టేస్తా."

"నాజ్‌నీన్ చెప్పిందే. ఇవి ఇట్లనే పోవల్లంట. కట్టినావంటే ఇంకొక..."

"రిపేరు చేయించడం చేతగాని వాళ్లు చెప్పే మాటలమ్మా అవి. గమ్మునుండు."

మునుపు నా తరగతిలో కూడా ఇట్లనే, పూర్తి జవాబు చెప్పబోయే పిల్లలనే ముందు నోరు మూయించి కూర్చోబెట్టేదాన్ని.

కండె లేదు. చేతిలో నాజ్‌నీన్ గుర్తులు పెట్టిచ్చిన ఊరి మ్యాపు ఉంది. దాన్ని నాలుగు మడతలు మడిచి, గట్టిగా చుట్టి, పైన రుమాలు కట్టాను. మంచి బిరడా తయారైంది, కుందుర్పిలో చూపించినా మెచ్చుకుంటారు. రెండు చేతులూ కావాలి కాబట్టి తాడు హలీమాబీ వైపు చాపాను. ఆమె రెండడుగులు వెనక్కి పోయింది. సరేనని తాడును చెప్పు కింద తొక్కిపెట్టి, బిరడా గొట్టంలో దోపి, అరచేత్తో గట్టిగా అదిమాను.

హలీమాబీ చెప్పబోయింది ఏమంటే, గొట్టానికి పైన చిన్న బెజ్జం ఉంటుంది. కింద మూస్తే నీళ్లు పైన ఎగజిమ్ముతాయి. దాహమైన వాళ్లు వేలు అడ్డం పెట్టి అట్లా తాగుతారంట. నేను వేలు కాదు, మ్యాపు మొత్తం పెట్టాను. నీళ్లు నేరుగా మొహం మీద కొట్టాయి. కళ్లద్దాలు పోయాయి, కొప్పు పోయింది, నేను వెనక్కి ఎగిరాను. చెప్పు కింద తాడు పోయింది. నా కేకకు బెదిరి ఆర్తూరో ఆ జానెడు కాళ్లతో, నాలుగు కాళ్లూ ఒకేసారి లేచినట్టు పరుగెత్తి సందు మలుపు తిరిగింది.

కళ్లద్దాలు వెతుక్కొని పెట్టుకునేసరికి సందు ఖాళీగా ఉంది.

మలుపు దగ్గర పత్రికల అంగడి ఆయన్ను అడిగాను. "సార్, వన్ డాగ్ ఈజ్ మిస్సింగ్." వ్యాకరణంలో తప్పు లేదు. ఆయన నా తడిసిన చీర వైపు చూసి, జాలిపడి, తుడుచుకోమని పాత పత్రిక ఒకటి ఇచ్చాడు. తర్వాత నేను "తూ... తూ... తూ..." అని మా నాయన పిలిచినట్టు పిలుస్తా ఆ వీధంతా తిరిగాను. మూడు కుక్కలు తల తిప్పి చూశాయి. మూడింటికీ యజమానులున్నారు. వాళ్లూ చూశారు.

ఫోను మోగింది. హలీమాబీ సంచిలోది, నాజ్‌నీన్. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"అమ్మీ, యాడుండారు?"

"ఈడనే. తిరుగుతాండాం."

"ఆర్తూరో?"

"నీళ్లు తాగుతాండాడు" అని హలీమాబీ ఫోను పెట్టేసింది.

నేను ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాను. "ఇప్పుడు ఏం చేయాల్సుండాది? పిల్ల సామాను వీధిలో పెట్టుకోవల్ల నా వల్ల. ఏడు నెలలు ఎవరి ఇండ్లలోనో పడుకునిందంట, నీతో చెప్పలేదు."

"నాకు తెలుసులే" అంది హలీమాబీ. "చెప్పకపోతే తల్లికి తెలీదా? లేచి నిలబడు. దాన్ని నీళ్లు తాగనిచ్చినావా నువ్వు?"

"యాడ తాగనిస్తి..."

"పొద్దున్నుంచి నాలుక ఏలాడేస్తాండాది. కొళాయి తట్టు గుంజితే ఎనక్కి గుంజితివి. అది తాగేలోపల కట్టేస్తివి. దానికి దప్పికప్పా. మనకు కాదు ఎండ, దానికి."

దాని దప్పిక నాకు తట్టనే లేదు. మందలో పుట్టి పెరిగింది నేను. గొర్రెలు కొని అమ్మే వాడి పెండ్లాం ఆమె.

"సంతలో గొర్రె తప్పిపోతే మా ఆయన పేరు పెట్టి పిలవడు" అంది. "తొట్టికాడికి పోతాడు. పా."

మ్యాపు కొళాయి గొంతులో ఉంది కాబట్టి దారి చూసుకోవడానికి కూడా లేదు. హలీమాబీ పల్లం ఏ తట్టు ఉందో చూసి అటు నడిచింది. నేను వెనక చీర పిండుకుంటా. మొదటి కొళాయి దగ్గర ఇద్దరు పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు, కుక్క లేదు. రెండో దాని చుట్టూ పావురాలు. సాయంత్రం ఆరింటికి క్లారా తలుపు తట్టడం, నాజ్‌నీన్ నా వైపు చూడడం, నా కళ్ల ముందే జరిగిపోతున్నాయి. ఇంకో సందు దిగితే చిన్న చదరం. మధ్యలో కొళాయి. దాని కింద తడి రాళ్ల మీద పొట్ట పరుచుకొని, తల మీద నీళ్లు పడుతుంటే కళ్లు మూసుకొని, సాబ్.

నేను తూతూ అంటా ముందుకు పోయాను. అది కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టి లేచి నాలుగడుగులు అవతలికి పోయింది. నేను ఇంకో అడుగు వేస్తే అది ఇంకో నాలుగు. అవతల పెద్ద రోడ్డు, బస్సులు.

"నువ్వు నిలబడు" అంది హలీమాబీ. "నిన్ను చూస్తే కొళాయి కట్టేస్తావని దానికి భయం."

ఆమె కొళాయి పక్కన నేల మీద కూర్చుంది. కుక్క వైపు చూడలేదు. దోసిలి పట్టి నీళ్లు కింద పోసింది, మళ్లీ పట్టి పోసింది. "రా సాబ్. తాగు. నీ ఊరి నీళ్లే కదా, ఎవరు వద్దంటారు." ఆర్తూరో కొంచెం కొంచెం దగ్గరికొచ్చి, దోసిట్లోనే మూతి పెట్టింది. ఆమె మొహం ఒక్కసారి బిగుసుకుంది. చెయ్యి మాత్రం కదలలేదు. అది తాగినంతసేపు తాగనిచ్చి, రెండో చేత్తో మెల్లగా తాడు అందుకుంది.

తర్వాత మోచేతుల దాకా కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది, మళ్లీ. ఎంత కడిగినా నీళ్లు తగ్గలేదు.

"ఇప్పుడు తెలిసిందా," అంది, "ఇది ఊరికే పోవడంలేదు."

తిరిగి పోతూ నేను కట్టేసిన కొళాయి దగ్గర ఆగాం. పైన బెజ్జంలోనుంచి నీళ్లు ఎగిరి బాటమీద పడుతున్నాయి. ఒకాయన చుట్టూ తిరిగి పోతా ఏదో తిట్టాడు. తర్జుమా అక్కర్లేదు. నేను బిరడా లాగేశాను. మ్యాపు ముద్దయి వచ్చింది. నీళ్లు మళ్లీ కిందికి, బొక్కలోకి పడసాగాయి. చూస్తా నిలబడలేక మొహం తిప్పుకున్నాను.

ఆరింటికి క్లారా వచ్చింది. నాజ్‌నీన్ నా చీర చూసింది. "ఏమైంది టీచర్, తడిసినారు?"

"వాన పడె" అంది హలీమాబీ. అనంతపురం జిల్లా మనిషి, వాన గురించి అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. నాజ్‌నీన్ కిటికీలోనుంచి ఆకాశం చూసి, తర్వాత మమ్మల్ని చూసింది.

క్లారా ఆర్తూరోను ఎత్తుకొని, ముద్దుపెట్టి, ఏదో అడిగింది. నాజ్‌నీన్ చెప్పింది. "ఇది తొందరగా ఎవరి దగ్గరికీ పోదంట. ఇన్ని రోజులు ఎవరు తిప్పినారు అంటోంది."

ఇద్దరూ నా వైపు చూశారు. ముప్పై ఏండ్ల ఇంగ్లీషు అక్కడ పనికిరాలేదు.

"ఆరు రోజులు నేనే తిప్పినా" అన్నాను తెలుగులో. "ఈ పొద్దు వీధి కొళాయి కట్టేయబోయి పోగొట్టినా. మీ అమ్మ తెచ్చింది. ఆమెకు అట్లే చెప్పు."

నాజ్‌నీన్ మొహం తెల్లబోయింది. వాళ్లమ్మ వైపు చూసింది. హలీమాబీ సోఫాలో కూర్చొని గాజులు సర్దుకుంటోంది. నాజ్‌నీన్ క్లారాకు ఏం చెప్పిందో తెలియదు, కొంచెంసేపు నెమ్మదిగా చెప్పింది. క్లారా విని నన్ను పైనుంచి కిందికి, తడి అంచు దాకా చూసింది. తర్వాత కుక్కను కిందికి దించింది. అది గది అడ్డంగా నడిచిపోయి సోఫా ముందర పడుకుంది.

హలీమాబీ అలవాటుగా కాళ్లు పైకి ఎత్తుకుంది. "పో సాబ్, ఆ తట్టు పో" అంది. అది పోలేదు. ఆమె కూడా లేచి పోలేదు.

క్లారా ఏదో చెప్పింది. నాజ్‌నీన్ తర్జుమా చేయడానికి కొంచెం తటపటాయించింది.

"వచ్చే నెల మళ్లీ చెల్లెలి దగ్గరికి పోతుందంట. అమ్మీ ఉంటే బాగుండేదంట." ఆగి, "మిమ్మల్ని గురించి కూడా చెప్పింది టీచర్" అంది.

"ఏమని?"

"ఈ ఇంట్లో కొళాయిలు మాత్రం ముట్టుకోవద్దని."