‘ఇదిగో’ అని పిలిస్తే

పొయ్యి మీద పాలు పొంగే సమయానికే మా ఆయనకి నాతో పని పడుతుంది. హాల్లోంచి “ఇదిగో” అని ఒక్క కేక. పెళ్ళయిన పదహారేళ్ళుగా నా పేరు అదే. అంతకుముందు వేరే పేరుండేది, బ్యాంకు పుస్తకం మీద ఇప్పటికీ ఉంది.

అత్తయ్య తుంటి ఆపరేషన్ కోసం ఉద్యోగం మానేశాను. ఆవిడ లేచి నడిచారు, నేను కూలబడ్డాను. గుమ్మం దాటాలంటే గుండెదడ. “కుక్కని పెంచుకోండి, అదే మిమ్మల్ని బయటికి లాక్కెళ్తుంది” అంది డాక్టరమ్మ. వీధికుక్కల షెల్టర్ నుంచి ఒకదాన్ని తెచ్చుకున్నాను. చెవి సగం తెగిపోయింది, చీపురు కనిపిస్తే చాలు మంచం కిందకి దూరేది. సరిపోయాం ఇద్దరికిద్దరం అనుకున్నాను.

“రెండు వారాలు చూద్దాం. పిలిస్తే పలక్కపోతే వెనక్కి పంపేద్దాం” అన్నారు ఆయన. షెల్టరావిడ మాత్రం ముందే చెప్పింది: “కొత్త పేరుకి వెంటనే పలకదండీ. కోప్పడకండి, అలవాటు కావాలి కదా.” ఆయన ఒక పేరు పెట్టారు, అత్తయ్య ఇంకోటి పెట్టారు. దేనికీ తల తిప్పలేదు మహాతల్లి.

మొదటిరోజు మెట్ల దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అది నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. ఎవరు ముందు దిగాలో తేలడానికి పావుగంట పట్టింది. పదోరోజుకి వీధి చివర మందుల షాపు దాకా వెళ్ళాం. అక్కడ నిలబడి ఏడ్చేశాను, సంతోషంతోనే. అది నా చెప్పు నాకింది. ఇక దీన్ని వదిలి నేను బతకలేనని అప్పుడే తెలిసిపోయింది.

“రేపటితో గడువు అయిపోతుంది” అని గుర్తుచేసి ఆయన స్నానానికి వెళ్ళారు. కాసేపటికి లోపల్నుంచి, “ఇదిగో, తువ్వాలు.”

నేను లేచేలోపే మంచం కిందనుంచి దూసుకొచ్చి, తోకాడిస్తూ బాత్రూం తలుపు ముందు కూర్చుంది కుక్క. “ఇదిగో” అని మళ్ళీ వినబడగానే “భౌ” అంది. ఆ పిలుపుకి రోజూ నేను పరుగెత్తడం, నా వెనకే అదీ పరుగెత్తడం. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు పిలిచే పేరు కాబట్టి తనదే అనుకుంది పిచ్చిది.

నాకు నవ్వాగలేదు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. “పిలిస్తే పలికిందండీ. ఇక పంపడానికి వీల్లేదు” అన్నాను తలుపు బయటినుంచి.

“దానికి వేరే పేరు పెట్టు.”

“పాపం, ఇప్పుడిప్పుడే అలవాటైంది. నాకైతే ఇంకోటి ఉంది కదా.”

అత్తయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగుతోంది. నేను వెళ్ళి ఆవిడ పక్కన సోఫాలో కూర్చున్నాను. లోపల కుళాయి ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నారు, రెండుసార్లు. తర్వాత నా పేరు వినిపించింది, మూడక్షరాలూ.

ఎవరినోనని అటూ ఇటూ చూశాను.

“నిన్నేనే” అన్నారు అత్తయ్య.

“ఇంకో రెండుసార్లు పిలవనివ్వండి అత్తయ్యా. అలవాటు కావాలి కదా.”