తన్నుల సామి

సోమవారం పొద్దు నడినెత్తికి వచ్చింది. రాళ్ళదిన్నెలో తన్నులు తినడానికి వచ్చిన జనం బారు ఇంకా తరగలేదు. నాపరాళ్ళ తిన్నె మీద, జొన్నచొప్ప పందిరి కింద యల్లయ్య కూర్చుని ఉన్నాడు. మెడ నిండా బంతిపూల దండలు, నుదుట అరచేతి వెడల్పున విభూతి, ఒంటి మీద గోచి తప్ప మరేం లేదు. కుడికాలు పసుపు చల్లిన గోనెపట్ట మీద చాపి ఉంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వంగి ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుంటారు. యల్లయ్య కేక పెట్టి, కాలు విదిలించి తంతాడు. తన్ను ఎక్కడ తగిలితే అక్కడ తడుముకుని, ఆ చేతిని కళ్ళకద్దుకుని, కానుక వేసి సంతోషంగా తిన్నె దిగిపోతారు.

పులివెందుల నుంచి వచ్చిన శెనక్కాయల వ్యాపారికి తన్ను దవడ మీద పడింది. పెదవి చిట్లి నెత్తురు కారింది. అంత అదృష్టం తమకు పడుతుందో లేదోనని వెనకున్నవాళ్ళు దిగులు పడ్డారు.

యల్లయ్య వెనక అతని అక్క ఓబులమ్మ వేపమండతో ఈగలు తోలుతోంది. ముప్పై దాటిన యల్లయ్యకు మూడేళ్ళ పిల్లవాడి తెలివి. మాటలు రావు. ఆకలేస్తే ఒక కూత, నొప్పి పుడితే ఒక కూత, అంతే. తల్లి పోయినప్పటి నుంచి వాణ్ణి ఓబులమ్మే సాకింది. మొగుడు చచ్చి పుట్టింటికి వచ్చాక అదే ఆమె బతుకైంది. ఆ పొద్దు ఆమె మనసు తమ్ముడి కడుపు మీద ఉంది. సంగటి తింటే కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోతాడని చిన్న తమ్ముడు రామసుబ్బయ్య సోమవారాలు వాడికి తిండి మాన్పించాడు. సామి ఒక్కపొద్దు ఉంటాడని జనానికి చెప్పాడు. ఎదురుగా పండ్లు గుట్టలు పడి ఉంటాయి. యల్లయ్య ఆకలికి తాళలేక ఒక అరటిపండు అందుకుంటే, ప్రసాదం ఇస్తున్నాడనుకుని ముందున్నవాడు దాన్ని చేతిలోంచి తీసుకుని తువ్వాలలో కట్టుకుంటాడు.

రెండేళ్ళ కిందట వాళ్ళకు గొర్రెల మంద ఉండేది. యల్లయ్య మంద వెంట తిరిగేవాడు. పిల్లజీవాలు వాడి కూతకు పరుగెత్తుకొచ్చేవి. వానలు ముదిరిన ఏడు చిటుకు రోగం వచ్చి మంద మందే ఊడ్చుకుపోయింది. అప్పుడు రామసుబ్బయ్యా, యల్లయ్యా నాపరాళ్ళ గనికి కూలికి పోయారు. మగకూలి రూపాయిన్నర. యల్లయ్య తిక్కోడు కాబట్టి ముప్పాతికే ఇచ్చారు, బండలు మాత్రం అందరితో సమానంగా మోయించారు. ఒక బండ జారి వాడి కుడి పాదం మీద పడింది. బూడిద వేశారు, ఆకుపసరు కట్టారు. పైన పక్కు కట్టింది గానీ లోపల మానలేదు.

ఇంటి ముందు కాలు చాపుకుని కూర్చున్న యల్లయ్యను ఒకనాడు ప్రొద్దుటూరు పత్తి షావుకారు చూడకుండా తొక్కాడు. యల్లయ్య ఎగిరి తన్నాడు. ఆ వారంలోనే షావుకారు కోర్టు వ్యవహారం గెలిచి, టెంకాయ పట్టుకుని వచ్చాడు. తరువాత పంచాయతీ సమితి ఎన్నికలకు నిలబడిన ఆసామి వచ్చి తన్ను తిన్నాడు. రెండు ఓట్ల తేడాతో ప్రెసిడెంటయ్యాడు. ఓడినాయన కూడా వచ్చి తన్ను తిన్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ ఎండలో జమ్మలమడుగు బస్సు దిగి, రెండు మైళ్ళు నడిచి గ్రామసేవిక వైదేహి వచ్చింది. ప్రొద్దుటూరులో బడిపంతులు గారమ్మాయి. ఊళ్ళలో పొగరాని పొయ్యిలు కట్టించడం, పిల్లలకు పాలపొడి పంచడం, ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పడం ఆమె ఉద్యోగం. బారులో ఉన్న ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వి, ఒక తన్ను తింటే ఈ ఏడే లగ్గం కుదురుతుందని ముందుకు తోశారు. ఆమె కూడా నవ్వుతూనే తిన్నె ఎక్కింది. పూల వాసన కింద ఇంకొక వాసన ముక్కుకు తగిలేసరికి నవ్వు పోయింది.

వంగి చూసింది. పాదం వాచి నిగనిగలాడుతోంది. పసుపు, కుంకుమ, చీము కలిసి ముద్దకట్టాయి. వేళ్ళ సందుల్లో పురుగులు కదులుతున్నాయి. ముట్టీ ముట్టకముందే యల్లయ్య తన్నాడు. ఆమె భుజం పట్టుకుని వెనక్కు పడితే జనం గోవింద కొట్టారు.

లేచి ఓబులమ్మ పక్కకు పోయి కూర్చుంది. మెల్లగా అడిగింది.

"అక్కా, తల నిమిరితే తంతాడా?"

"తల నిమిరితే నిద్రపోతాడుమ్మా."

"ఎడమకాలు పట్టుకుంటే?"

ఓబులమ్మ చేతిలో వేపమండ ఆగింది. ఎడమకాలు రోజూ తానే కడుగుతుంది. వాడు ఎన్నడూ తన్నలేదు.

"అది దీవెన కాదక్కా," అంది వైదేహి. "ముట్టుకుంటే ప్రాణం పోతాంది వానికి."

మరునాడు వైదేహి జమ్మలమడుగు బ్లాకు ఆఫీసుకు పోయి బి.డి.ఓ. గురురాజారావు గారికి సంగతంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే వైదేహి ఆయన మీద కోపగించుకుని అయినా బయటపడేది. ఆయన ఓపిగ్గా విన్నాడు, అయ్యో అన్నాడు, ఈ నెల పొయ్యిలు ఎన్ని కట్టించావని అడిగాడు. ఆ మనిషికి తోడబుట్టినవాళ్ళు ఉన్నారు, జనానికి నమ్మకం ఉంది, ప్రెసిడెంటు గారికి మరీ గురి, మధ్యలో మనమెవరం అన్నాడు. మనమెవరం అనే మాట ఆఫీసుల్లో ఎన్నో పనుల నుంచి కాపాడుతుంది. పాలపొడి పంచడానికి సర్కారు మనుషులను పెట్టింది గానీ, కన్నవాళ్ళూ తోడబుట్టినవాళ్ళూ ఒక మనిషిని కుళ్ళబెడుతుంటే అడ్డంపడే పని ఎవరికీ అప్పగించలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంకొక విధంగా మాట్లాడింది. వెంటనే తీసుకురావాలని, ఆలస్యమైతే కాలు తీసేసినా మనిషి దక్కడని చెప్పింది. రోగికి తెలివి లేదు కాబట్టి రక్తసంబంధీకులు ఒకరు వచ్చి వేలిముద్ర వేయాలంది.

గురువారం సాయంత్రం వైదేహి మందుల పెట్టెతో రాళ్ళదిన్నెకు వచ్చింది. ఇంటి లోపల ఓబులమ్మ తమ్ముడి తలను ఒళ్ళో పెట్టుకుంది. వైదేహి ఊదారంగు మందునీళ్ళతో పుండు కడిగింది. పసుపు ముద్ద జారిపోయాక అడుగున తెల్లగా ఎముక కనిపించింది. యల్లయ్య పెట్టిన కేకకు బయట నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు బిందెలు దించి దండాలు పెట్టుకున్నారు. గడప లోపల నుంచి అది చూసిన ఓబులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనో ఆమెకే తెలియలేదు. ఏడాదిగా తాను తింటున్న సంగటి ఈ కేకల నుంచే వచ్చింది.

అప్పుడే రామసుబ్బయ్య వచ్చాడు. వైదేహి చెప్పినదంతా నిలబడి విన్నాడు. ఆమెను ఏమీ అనలేదు, మందుల పెట్టె మూసి చేతికిచ్చి గడప దాకా సాగనంపాడు. తిరిగొచ్చి అక్క ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"వాడు చావాలని నాకుండాదా అక్కా? వాడు నా అన్న కాదా?" అన్నాడు. తువ్వాలతో కళ్ళొత్తుకున్నాడు. "కాలు తీసేస్తారంట. కాలు ల్యాకపోతే యాంతో తంతాడు? నా పిల్లోళ్ళు మళ్ళా బండలు మోయాల్నా?"

ఓబులమ్మ ఒళ్ళో ఉన్న యల్లయ్య నుదుటి చెమట తుడిచింది.

"నువ్వు పోయి వేలిముద్ర ఏసినావంటే ఇంగ ఈ గడప తొక్కొద్దు. చెప్తాండా."

అతనిది దొంగ ఏడుపు కాదు. అదే బాధ. మంద పోయినవాడు, గనిలో నడుము విరిగినవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. దరిద్రం మనిషిని కాటేస్తే వాడు పక్కవాణ్ణి కాటేస్తాడు, పక్కవాడు మాట రాని వాడైతే మరీ సుళువు.

ఆ మూడు రోజులు ఓబులమ్మ శెనగచేలో కూలికి పోతూ వస్తూ ఆలోచించింది. ఆడకూలి ముప్పాతిక రూపాయి. అదైనా పని ఉన్న రోజుల్లోనే. ఇల్లు వదిలితే తలదాచుకునే చోటు లేదు. ఒంటికాలి మనిషిని ఎక్కడ పెట్టుకుని సాకాలి? సామి కాలు కోతకు అప్పగించిందని ఊరు కూలికి పిలవడం కూడా మానేస్తుంది. ఆ భయం ఆమెను నిజంగానే పట్టుకుంది, ఆదివారం దాకా వదలలేదు. ఆదివారం యల్లయ్యకు ఒళ్ళు కాలిపోయింది. సంగటి ముద్ద నోట్లో పెడితే మింగలేకపోయాడు. ఎరుపు మోకాలి దాకా పాకింది.

సోమవారం వాడు కూర్చోలేకపోయాడు. రామసుబ్బయ్య వాణ్ణి పందిరి గుంజకు ఆనించి, నడుముకు తువ్వాలతో కట్టి, పైన దండలు వేశాడు. తువ్వాలు కనబడలేదు. సామి ఈరోజు ధ్యానంలో ఉన్నాడని బారులో అనుకున్నారు. వైదేహి పొద్దున్నే వచ్చి తిన్నె పక్కన నిలబడింది. ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. పోవాలని కూడా అనిపించలేదు.

పది గంటలకు సమితి జీపులో ప్రెసిడెంటు వచ్చాడు. జిల్లా పరిషత్తులో ఇంకా పెద్ద కుర్చీ ఏదో ఖాళీ అవుతోందట. జనం చీలి దారిచ్చారు. ఆయన చెప్పులు విడిచి, కండువా నడుముకు చుట్టుకుని తిన్నె ఎక్కాడు. వంగి చేతులు చాపాడు.

ఓబులమ్మ వెనక నుంచి లేచి ముందుకు వచ్చింది. ఆయన చేతులకూ తమ్ముడి కాలికీ మధ్య కూర్చుని, ఆ పాదాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పింది. యల్లయ్య కేక పెట్టి తన్నాడు. తన్ను ఆమె డొక్కలో పడింది.

"అబ్బా," అని ఓబులమ్మ పొట్ట పట్టుకుంది. ఆ తిన్నె మీద తన్ను తిని నొప్పి అన్న మనిషి ఆమే మొదలు.

"మొక్కొద్దయ్యా," అంది కాసేపటికి ఊపిరి కూడదీసుకుని. "నువ్వే కాదు, ఎవరూ మొక్కొద్దు. కాలు కుళ్ళిపోయి నొస్తాంది వానికి. దానికి తంతాండాడు. నాకు తెల్సు. తెల్సి కూడా ఇన్నాళ్ళు ఈగలు తోల్తా కూచ్చున్నా."

ప్రెసిడెంటు చాపిన చేతులు వెనక్కు తీసుకోవడమా వద్దా తేల్చుకోలేక అలాగే వంగి ఉన్నాడు. రామసుబ్బయ్య పరుగున వచ్చి అక్క రెక్క పట్టి లాగాడు. ఆమె కదల్లేదు. అంతమంది ముందు పెద్దదాని మీద చెయ్యి చేసుకోలేక అతను ఇంట్లోకి పోయి, ఆమె చీరెల మూట తెచ్చి వీధిలో విసిరాడు.

ఓబులమ్మ దాని వైపు చూసింది. "ఆడనే ఉండనీ. పోయేటప్పుడు జీపులో ఏసుకుంటా," అంది.

ఆ మాటతో వైదేహికి ధైర్యం వచ్చింది. తిన్నె ఎక్కి, జీపు ఎలాగూ జమ్మలమడుగుకే కదా పోయేది, రోగిని ఆసుపత్రి దగ్గర దించండి అని ప్రెసిడెంటును అందరికీ వినబడేటట్టు అడిగింది. ఆయన జనం మొహాలు చూశాడు. కాదంటే ఎన్ని ఓట్లు పోతాయో, అవునంటే ఎన్ని పోతాయో లోపల బేరీజు వేసుకున్నాడు.

"ఎవురన్నా ఎత్తి ఎక్కిస్తే తీసకపోతాంలే," అన్నాడు చివరికి. "నేను మాత్రం సామిని ముట్టుకోనమ్మా." కండువా దులుపుకుని దిగిపోయి జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

ఓబులమ్మ దండలు తీసేసి, నడుము తువ్వాలు విప్పింది. యల్లయ్య గోనెసంచి లాగా పక్కకు వాలిపోయాడు. ఆమె వాడి రెక్కల కింద చేతులు పెట్టింది, వైదేహి నడుము పట్టుకుంది. ఇద్దరూ కలిసి జానెడు ఎత్తగలిగారు. పట్టేవాళ్ళు లేక కుడికాలు బండకు రాసుకుంది. యల్లయ్య కేక ఈసారి సన్నగా, అరిగిపోయినట్టు వచ్చింది. మెల్లగా మళ్ళీ కింద పెట్టారు.

"ఒకరు రాండప్పా," అంది ఓబులమ్మ. "కాలు కింద చెయ్యి పెట్టేదానికి ఇంగొక మనిషి గావాల."

ఎవరూ రాలేదు. రామసుబ్బయ్య గుమ్మంలో గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. జనం చేతులు జోడించుకుని నిలబడే ఉన్నారు. ఎవరికి దండం పెడుతున్నారో వాళ్ళకే తెలిసినట్టు లేదు. పక్కవాడు పోతే తానూ పోదామన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఓబులమ్మ చెమట తుడుచుకుంది. పుట్టి పెరిగిన ఊరు. బారులో సగం మంది ఆమె ఎత్తుకుని ఆడించినవాళ్ళే. ముందు వరుస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవసాగింది.