స్ట్రెచర్ తలవైపు

గచ్చిబౌలి పక్కన యూనివర్సిటీకి భూములు కొలుస్తున్న ఏడాది నేను పనికోసం బయలుదేరాను. మా ఆయన గుట్టల్లో రాళ్లు కొట్టేవాడు. వానలు పడితే ఆ పని ఆగిపోయేది. లింగంపల్లి దవాఖానలో అంబులెన్సు వెంట వెళ్లే ఆడమనిషి కావాలట అని పక్కింటి సత్తెమ్మ చెప్పింది. మగవాళ్లు ఎత్తుకుంటామంటే కాన్పు మనుషులు బండి ఎక్కడానికి ఒప్పుకోవడం లేదట. నేను ఏడో తరగతి మధ్యలో మానేసినదాన్ని. పాప ఇంకా పాలు తాగుతోంది. దాన్ని సత్తెమ్మకు అప్పగించి, నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసి, పోయాను.

మేట్రన్ వీరలక్ష్మిగారిది కాకినాడ వైపు. చదువు గురించి అడగలేదు. నా అరచేతులు పట్టుకుని నొక్కి చూశారు.

"ఇవాళ ఒక్క ట్రిప్పు వెళ్లిరా అమ్మాయ్. కళ్లు తిరిగాయంటే రేపు రానక్కర్లేదు. తిరక్కపోతే చూద్దాం. స్ట్రెచర్ తలవైపు నువ్వు పట్టుకో. కాళ్లు ముందు, తల వెనక. అలాగైతేనే నీకు మనిషి మొహం కనిపిస్తుంది. దాని మీదనుంచి చూపు తియ్యకు. తెలిసిందా?"

తెలిసిందన్నాను. అప్పటికి ఏమీ తెలియలేదు.

బండి లోపల ఒక పక్క ఇనుప పట్టాల మీద స్ట్రెచర్, తలపైన చిన్న దీపం, అంతటా ఫినాయిలు వాసన. డ్రైవర్ లింగమూర్తి గంట మోగిస్తూ పోతుంటే ఎడ్లబండ్లు ఆగాయి, ఒక లారీ ఏకంగా రోడ్డు దిగి నిలబడింది. అంతవరకు నన్ను చూసి పక్కకు జరిగినవాళ్లు లేరు. స్ట్రెచర్ కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"భయమైతున్నదా చెల్లె?" అన్నాడు లింగమూర్తి.

"లేదన్నా."

"నాకైతే రోజూ అయితది. నీకు గాకపోతే జర నాక్కూడ నేర్పు."

రాయదుర్గం బండల దగ్గర తోవ అయిపోయింది. ఇల్లు పైన ఉంది. స్ట్రెచర్ మోసుకుని ఎక్కాం. రుక్కమ్మకు తొలి కాన్పు. నిన్నటినుంచి నొప్పులు, బిడ్డ రావడం లేదు. మొగుడు పనిమీద ఊరు దాటి పోయాడు. ఆమెను స్ట్రెచర్ మీదికి చేర్చి, మేట్రన్ చెప్పినట్టే కాళ్లు గుమ్మం వైపు తిప్పాం. అత్త కిష్టమ్మ వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏంది గిది? కాళ్లు ముందర పెట్టి ఎవల్ని గొంటవోతరో మీకెర్క లేదా? నా కోడలు పానంతోనున్నది."

"అది దవాఖాన కాయిదా అవ్వా, అందరిని గట్లనే మోస్తం," అన్నాడు లింగమూర్తి.

"అట్లయితే నువ్వే పండుకో దానిమీద. ఈ గడప మాత్రం దాటనియ్య."

రుక్కమ్మ వింటోంది. ఆమె కళ్లలోకి కూడా ఆ భయం వచ్చింది. నాకూ వచ్చింది. మా అమ్మ పోయిన రోజు ఆమెను అలాగే ఇంట్లోంచి తీసుకుపోయారు.

"తల ముందు పెడదాం అన్నా," అన్నాను.

"అట్లయితే నువ్వు ముందు నడవాలె. ఆమె మొగం నీకు కనవడదు మరి."

"నేను వెనక్కి నడుస్తా."

అలాగే బయటికి వచ్చాం. ముందు నేను, ఆమె తల దగ్గర, తోవకు వీపు పెట్టి. కాళ్లవైపు లింగమూర్తి. నాలుగడుగులు వేశానో లేదో మడమ రాయికి తగిలింది. అంతలో ఎవరో వెనకనుంచి నా కొంగు గట్టిగా పట్టుకున్నారు. కిష్టమ్మ.

"ఎడమకు రా బిడ్డా. ఇంకొంచెం. ఇగ కిందికి దిగు. మెల్లగ. బండ జారుతది."

తిరిగి చూడలేదు. ఆమె కొంగు ఎటు లాగితే అటు అడుగు వేశాను. నా కళ్లు రుక్కమ్మ మొహం మీదే ఉన్నాయి. నేనూ కన్నదాన్నే, కానీ కనేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నొప్పి వచ్చినప్పుడు నుదుటినుంచి గడ్డం దాకా ఏదో నడిచిపోయేది. పోయాక ఆ మొహం పసిపిల్ల మొహమయ్యేది. పెదవులు తెల్లబడితే పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరిచేది. చుట్టూ ఆ నల్లటి గుండ్లు, పైన అంత ఆకాశం, అవేవీ ఆమెకు కనబడినట్టు లేదు. నన్నే చూసింది. దేవుడి ముందు కూడా నేనంత కదలకుండా చూపు నిలపలేదు.

కిష్టమ్మ కూడా మాతోనే బండెక్కింది. దవాఖాన తలుపు దగ్గర నర్సులు రుక్కమ్మను లోపలికి తీసుకుపోయారు. నా చేతులు పిడికిళ్లుగానే ఉండిపోయాయి, విప్పుదామంటే రాలేదు. కిష్టమ్మ వాటిని ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క వేలే విప్పింది.

వీరలక్ష్మిగారు జరిగిందంతా విన్నారు. "ఆ రాళ్లమీద, వెనక్కి?"

"అవునమ్మా."

"గుమ్మం దాటాక స్ట్రెచర్ తిప్పుకోవచ్చు కదే?"

నేను లింగమూర్తిని చూశాను. అతను చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇద్దరికీ తట్టనే లేదు.

"నువ్వేమయ్యా, ఇన్నేళ్లనుంచి బండి తోలుతున్నావు."

"ఆమె నడుస్తుంటే చూస్తుండిపోయిన అమ్మా. దిమాగ్ పనిచెయ్యలే."

"రేపు పొద్దున్నే రా," అన్నారు నాతో. "తిప్పడం నేను నేర్పుతాను. కళ్లు తిరగలేదు కదా?"

"లేదమ్మా."

పని దొరికిందని నాకు అర్థమయ్యేసరికి ఆవిడ గది దాటిపోయారు.

పాప పాలకు ఏడుస్తుంటుంది, పోవాలి. కానీ కిష్టమ్మ పరుగున వచ్చి, మొగపిల్లగాడు, ఇద్దరూ మంచిగున్నరు, రా, అని చెయ్యి పట్టుకుని లాగింది.

వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయాను. రుక్కమ్మ లేదు. కిష్టమ్మ ఒక మంచం చూపించి, "గదే కదా," అంది. నేనెరగని ఎవరో పిల్ల, బిడ్డను పొట్టకు ఆనించుకుని పడుకుని ఉంది. అంత దూరం కళ్లార్పకుండా చూసిన మొహాన్ని నేను ఆనవాలు పట్టలేకపోయాను. ఆ పిల్ల కూడా నన్ను కొత్తమనిషిని చూసినట్టే చూసింది.

మంచం చుట్టూ తిరిగి తలవైపు వెళ్లాను. వంగి పైనుంచి చూశాను. అదే నుదురు, అదే గడ్డం, తోవంతా చూసినట్టే తలకిందులుగా. ఆమె కళ్లెత్తి నన్ను చూసింది.

"నువ్వా అక్కా," అంది.