ఎర్ర అంచు

“ఇంగా ఏం చూస్తాండావు మ్మే? తాళం తీసుకో. రేపే పని మొదలుపెట్టు,” అన్నాడు భూపేష్.

సాహితి రెండు బండ్ల చుట్టూ ఇంకోసారి తిరిగింది. కర్నూలులో, బళ్లారి రోడ్డు మీదున్న ఆమె షెడ్డులో రెండు దిగుమతి కార్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించిన తెల్లటి జర్మన్ బండి. రెండోది భూపేష్‌ది, నీలం రంగు జపాన్ బండి. భూపేష్ ఆమె పెదనాన్న కొడుకు. వాళ్ల సొంతూరు వేంపల్లెలో కాంట్రాక్టులు చేస్తాడు, రాజకీయాల్లో తిరుగుతాడు.

వచ్చే సీజన్ కార్ల ర్యాలీ పందెంలో సాహితి దిగాలి. అందుకు ఒక బండిని ఎంచుకుని ఇంజను నుంచి బ్రేకుల దాకా మార్చాలి. ఇన్నాళ్లూ వేరేవాళ్ల బండ్లకే వేగం పెంచి ఇచ్చింది. ఈసారి తన కోసం.

జర్మన్ బండి కుదురుగానే ఉంది, కాని ముందు చక్రాలు మాత్రమే లాగుతాయి. మట్టి రోడ్డు మీద దానితో గెలవడం కష్టం. జపాన్ బండికి నాలుగు చక్రాలూ లాగుతాయి. పోయిన నెల ట్రయల్ వేసినప్పుడే ఆమె మనసు దాని మీదికి పోయింది. అప్పుడు అమ్మేది లేదని మొండికేసిన భూపేష్, ఇప్పుడు తనంతట తానే తెచ్చి ఇస్తున్నాడు. కొత్త బంపరు, కొత్త పెయింటు. పైగా డిక్కీలో ఒక పెద్ద అట్టపెట్టె.

“పెద్ద ఇంటర్‌కూలర్ తెప్పిచ్చినా. పాతది పీకి పాత ఇనుములో పారెయ్,” అన్నాడు.

“చూడకుండా పారేసే అలవాటు నాకు లేదన్నా. గాబ్రియేలన్నా, బంపరు ఇప్పు.”

గాబ్రియేలు షెడ్డులో పెద్ద మెకానిక్. బంపరు విప్పి పక్కన పెట్టాడు. దాని వెనక ఇంటర్‌కూలర్ బయటపడింది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే జాలీ అది. కింది మూలన రేకులు వంగిపోయి, వాటి మధ్య నల్లటి ఉన్ని ఇరుక్కుని ఉంది.

“ఏమన్నా ఇది?”

“గొర్రె,” అన్నాడు భూపేష్ తడుముకోకుండా. “మొన్న ఆలూరు పక్క అడ్డమొచ్చింది. అప్పుడే దుడ్లిచ్చి వచ్చినాలే.”

“ఎవరికి?”

“ఎవరికేంది, మేపేటోనికి!”

గాబ్రియేలు తలెత్తి సాహితిని చూశాడు. ఆలూరు రోడ్డులో చిన్న ఈరన్న అనే గొర్రెల కాపరిని ఏదో కారు గుద్ది చంపి, ఆగకుండా పోయిన సంగతి ఆ దారిలో తిరిగే ప్రతి డ్రైవరుకూ తెలుసు. ఆ కారు ఇంకా దొరకలేదు.

సాహితి వంగి టార్చి కొట్టింది. అది ఊడిన ఉన్ని కాదు. నేసిన కంబళి పీలిక. దాని చివర ఎర్ర దారంతో కుట్టిన అంచు.

ఆమె నిదానంగా లేచి నిలబడింది.

“గొర్రె ఎర్ర అంచు కంబళి కప్పుకుంటాదా అన్నా?”

భూపేష్ ముఖంలో నవ్వు పోయింది.

“గట్టిగా అరవద్దు. చీకట్లో నల్ల కంబళి కప్పుకొని వానంతట వాడే అడ్డమొస్తే నేనేం చేసేది?” ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. “ఇది చూసి మాట్లాడు.”

ట్రయల్ రోజు ఫొటో. నీలం బండి స్టీరింగు దగ్గర నవ్వుతూ సాహితి. కింద ‘మా చెల్లెలి కొత్త బండి’ అని రాసి ఉంది. ఈరన్న చచ్చిపోయిన మరుసటి పొద్దున భూపేష్ దాన్ని స్టేటస్ పెట్టాడు. అన్న మనసు మార్చుకున్నాడనుకుని ఆమె మురిసిపోయింది. అభినందించిన ప్రతివాళ్లకూ థాంక్స్ చెప్పింది.

“ఆ బండి ఎవరిదని వేంపల్లెలో ఎవరినన్నా అడుగు. నీదే అంటారు. నోరు మూసుకొని మొత్తం మార్చెయ్. ర్యాలీ గెలుచుకో, ఇంటి పరువు నిలబెట్టు.”

సాహితికి ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. టార్చి వెలుగులో ఆ అంచును వీడియో తీసుకుంది.

“అదెందుకు?” అన్నాడు భూపేష్ అనుమానంగా.

“పని మొదలుపెట్టే ముందు తీసుకునేదే. గాబ్రియేలన్నా, ఉన్నది ఉన్నట్టే బంపరు బిగించు.” తాళం అందుకుంది. “ఇదే తీసుకుంటానన్నా. దా, ఒక రౌండు పోయొద్దాం. టర్బో ఎట్లుండాదో నువ్వూ విందువు.”

“అట్లా దోవకు రా!” నవ్వుతూ ఎక్కాడు.

కోడుమూరు దాటాక ఆ నవ్వు ఆగింది.

“యాడికి పోతాండావు?”

“ఆలూరుకు. కాపరికి దుడ్లిచ్చినావు గదా, చిల్లర తెచ్చుకుందాం.”

“ఆపు మే! పిచ్చి పట్టిందా?” స్టీరింగు మీదికి చెయ్యి చాపాడు. ఆమె యాక్సిలరేటరు తొక్కింది. టర్బో ఈల వేసింది. బండి ముందుకు దూకిన విసురుకు అతను సీటుకు అతుక్కుపోయాడు.

“తలుపు తీసుకొని దూకు. నేనేం ఆపను.”

అతను దూకలేదు. తిట్టాడు, బతిమాలాడు, దేవనకొండ దగ్గర తండ్రికి ఫోన్ చేశాడు. ఆమె ఒక్కదానికీ తల తిప్పలేదు.

ఆలూరు దగ్గర ఈరన్న ఊళ్లో, అడిగి తెలుసుకుని వాళ్ల ఇంటి ముందే ఆపింది. అలాంటి కారు ఆ వీధిలోకి రావడం చూసి జనం మూగారు. డిక్కీలోంచి స్పానర్లు తీసి సాహితి తన చేతులతోనే బంపరు విప్పింది. ఈరన్న భార్య నాగలత వచ్చి టార్చి వెలుగులోకి వంగింది. చాలాసేపు చూసింది.

“నేను కుట్టిన అంచు,” అంది. “ఆస్పత్రిలో మూల చినిగిన కంబళి ఇచ్చిరి నాకు. ఆ మూల యాడబోయెనో అనుకుంటాంటి.”

గుద్దింది తన అన్నేనని సాహితి చెప్పగానే జనం భూపేష్ మీదికి ఉరికారు. ఆమే అడ్డం నిలబడింది.

“కొట్టొద్దండప్పా! ఒక్క దెబ్బ కొట్టినా కేసు మీ మీదికి తిప్పుతారు. నేనూ ఆ ఇంటిదాన్నే, నాకు తెలుసు.”

అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టి పోలీసు స్టేషనుకు ఫోన్ చేసింది. బండి ఎవరిదని అడిగారు అవతలి వైపు నుంచి.

“నాదని మా ఊరంతా అనుకుంటాండాది సార్. నాది కాదు. గుద్దినోడు మా అన్న భూపేష్. నా ముందర, మా మెకానిక్ ముందర ఒప్పుకున్నాడు. మనిషి ఈడే ఉండాడు, కారు ఈడే ఉండాది. రండి.”

“నీ పని అయిపోయింది చూడు! మన ఇంట్లో ఇంగ నీకు నీళ్లు కూడా పుట్టవు,” అని అరిచాడు భూపేష్.

“ఆ నీళ్లు నువ్వే తాగన్నా.”

తాళం నాగలత చేతిలో పెట్టింది. “పోలీసులు వచ్చేదాకా ఇది నీ దగ్గరుండనీ అక్కా. ఎవరొచ్చి అడిగినా ఇయ్యొద్దు.”

నాగలత తాళాన్ని కొంగుకు ముడేసుకుంది. పోయి కారు ముందు కూర్చుంది.