ఎరుపు తేలేదాకా

ప్రదర్శన నిర్వాహకులు పంపిన నియమాల పుస్తకం నలభై రెండు పేజీలు. ఆ ఇంట్లో దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది తల్లి ఒక్కతే. ఆమె చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ, భయం పుడితే చాలు, ఎంత చిన్న అక్షరమైనా కూడబలుక్కుని చదివేస్తుంది. మందు సీసాల వెనక చీమ తలకాయంత రాతలు, గ్యాసు సిలిండరు మీది హెచ్చరికలు, బస్సు టిక్కెట్టు వెనక షరతులు, అన్నీ అలా చదివి గుండె దడ తెచ్చుకున్నవే. ఈ పుస్తకం పూర్తయ్యేసరికి ఆమెకు డజనుకు పైగా కొత్త భయాలు పట్టుకున్నాయి. స్టాల్ గోడ కూలి కూతురి మీద పడవచ్చు. ఇచ్చిన టైముకు బండి చేరకపోతే సరుకు గేటు బయటే ఉండిపోవచ్చు. కన్వెన్షన్ సెంటర్‌లో ఏడు హాళ్లున్నాయట, పిల్ల దారి తప్పవచ్చు.

"దానికి ముప్పై ఏళ్లక్కా. తప్పిపోతే మైకులో పిలిపిద్దాంలే," అన్నాడు తమ్ముడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో రబ్బరు ప్రెస్సు నడిపేది ఆ తమ్ముడే. అచ్చులు గీసేదీ, బయటివాళ్లతో మాట్లాడేదీ కూతురు. అచ్చులోంచి వచ్చిన ప్రతి ముక్కకూ అంచున పొంగిన రబ్బరు రేకును కత్తెరతో తీసేది తల్లి. ఇరవై ఏళ్లుగా వాళ్లు చేసింది కుర్చీ కాళ్ల కింద తొడిగే బుష్‌లు. ఏడాది కిందట ఆ కుర్చీల కంపెనీ ప్లాస్టిక్‌కు మారిపోయింది. అప్పటి నుంచి ప్రెస్సు వారానికి రెండు రోజులే వేడెక్కుతోంది. ఖాళీగా కూర్చోలేక కూతురు చేతికర్ర కోసం ఒక బుష్ తయారుచేసింది. మెత్తటి రబ్బరుది, తడి నేల మీద కూడా జారదు. ఆసుపత్రి సామాన్ల ట్రేడ్ షోలో దాన్ని పెట్టి, కొనేవాళ్లు ఒక్కరు దొరికినా షెడ్డు నిలబడుతుంది. లేకపోతే ప్రెస్సును పాత ఇనుము కింద తూయించి ముగ్గురూ తలో పని వెతుక్కోవాలి. ప్రదర్శనకు ఇంకా ఇరవై ఎనిమిది రోజులు ఉంది.

ముందుగదిలో కూతురు సుద్దముక్కతో ఇటు మూడు మీటర్లు, అటు రెండు మీటర్లు గీసింది. అదే వాళ్ల స్టాల్. గీతల లోపల బల్ల, బల్ల మీద బుష్‌లు, బల్ల వెనక కూతురు. కొనేవాడి వేషం మొదట మేనమామది. అతను చెప్పినదానికల్లా తలూపి, బాగుంది, లక్ష పంపించండి అంటూ టీ తాగడానికి పోయేవాడు. ఇలాంటి పెద్దమనిషే అక్కడ దొరికితే ఈ తంటాలన్నీ ఎందుకని కూతురు అతన్ని తప్పించి తల్లిని నిలబెట్టింది.

నాకేం తెలుసు, నేనేం అడుగుతాను అంటూనే తల్లి మొదలుపెట్టింది. ఎండకు పగులుతుందా. నేలకు నల్లగా మరక అంటుతుందా. పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది. మెట్ల మధ్యలో ఊడిపోతే ఆ మనిషి గతేంటి. కూతురు ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెబుతూ వచ్చింది. ఇంత ప్రాణం తీసే బేరగత్తెను తను జన్మలో చూడలేదని మేనమామ నవ్వాడు. ఆఖరికి తల్లి బుష్‌ను తలకిందులు చేసి చూస్తూ అడిగింది.

"ఇది అరిగిపోయిందని కర్ర పట్టుకున్న మనిషికి ఎలా తెలుస్తుంది?"

కూతురు బుష్‌ను చేతిలోకి తీసుకుని అడుగు చూసింది. మెత్తటి రబ్బరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, అందుకే తొందరగా అరుగుతుంది కూడా. అరిగిందా లేదా అని కర్ర తిప్పి చూసుకున్నా, నలుపు నలుపులాగే ఉంటుంది.

అలాంటివి ఎవరూ అడగరులే అని తమ్ముడు తీసిపారేశాడు.

"నేను అడుగుతున్నాగా," అంది ఆమె.

ఊరికే అడగలేదు. కూతురి అమ్మమ్మ కర్రకు కూడా బుష్ ఉండేది. అది అరిగి గాజులా నున్నబడిన సంగతి ఇంట్లో ఒక్కరూ చూసుకోలేదు. కడిగిన వరండాలో కర్ర జారింది, తుంటి విరిగింది, మంచం ఎక్కిన మనిషి మళ్లీ దిగలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ పూట కూడా ఎత్తలేదు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే కూతురికి ఉపాయం తట్టింది. నలుపు రబ్బరు లోపల ఎర్ర రబ్బరు పొర ఒకటి పెడితే సరి. పైన రెండు మిల్లీమీటర్ల నలుపు అరిగేసరికి ఎరుపు బయటికి తేలుతుంది. అప్పటికీ లోపల ఇంకా సగానికి పైగా మందం మిగిలే ఉంటుంది, మనిషికి ప్రమాదం లేదు. ఎరుపు కనబడితే మార్చుకోవాలని చిన్నపిల్లకైనా చెప్పవచ్చు. తల్లికి ఇది బాగా నచ్చింది. నచ్చిన మరుక్షణమే, నేల మీద ఎర్ర మరకలు చూసి ఇంట్లోవాళ్లు నెత్తురనుకుని హడలిపోతారేమోనని భయమేసింది. ఆ రబ్బరు రంగు అంటదని కూతురు తెల్లగుడ్డ మీద రుద్ది చూపించేదాకా ఊరుకోలేదు.

నాలుగు రోజుల్లో బుష్‌లు తయారయ్యాయి. కొత్త చిక్కు అక్కడే వచ్చింది. పైకి అవి అచ్చం పాతవాటిలాగే నల్లగా ఉన్నాయి. లోపల ఎరుపుందండీ అని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? అరిగి, ఎరుపు తేలిన బుష్ ఒకటి బల్ల మీద ఉండి తీరాలి.

తమ్ముడు రెండు నిమిషాల పని అన్నాడు. ఒక బుష్‌ను సాన చక్రానికి ఆనించి తెచ్చి చూపించాడు. అడుగున ఎరుపు నాణెమంత గుండ్రంగా, ముద్ర వేసినట్టు వచ్చింది. కూతురి ముఖం వికసించింది. తల్లి మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎన్నాళ్లు నడిస్తే ఇలా అయిందని అడిగితే ఏం చెబుతావురా?"

"ఏదో ఒకటి చెప్తామక్కా. ఆర్నెల్లు, ఏడాది."

"ఆ ఏదో ఒకటి నమ్మి ఒక ముసలిప్రాణం దీని మీద బరువు మోపుతుంది. నడిచే అరగదీస్తాను. కర్ర ఇటివ్వండి."

ఆ సాయంత్రమే మొదలైంది నడక. షెడ్డు ముందు నుంచి లారీలు తూచే కాటా దాకా గరుకు సిమెంటు రోడ్డు. రాళ్లు తేలి, నడిచేవాళ్ల చెప్పులు నెలకే తినేసే రోడ్డు అది. ఆమె తన తల్లి నడిచినట్టే నడిచింది. కర్రను ముందుకు వేసి, ఒంటి బరువంతా దాని మీదికి వాల్చి, కుడికాలిని ఈడ్చుకుంటూ. ఆ నడక తనకు ఇంత బాగా గుర్తుందని ఆమెకే తెలియదు. కాటా దాకా వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం. రెండో రోజుకు అరచేతిలో పొక్కు లేచింది. గుడ్డ చుట్టుకుని నడిచింది. లేని అవిటితనం నటిస్తే ఉన్న కాలు నిజంగానే పోతుందేమోనని భయపడింది. భయపడుతూనే నడిచింది.

మూలింటి దర్జీ ఆవిడ మిషను ఆపి కేకేసింది. "ఏమైంది వదినా కాలికి?"

"ఏం కాలేదు."

"మరి కర్రెందుకు?"

"అరగడానికి."

కాలు బాగానే ఉంది గానీ దెబ్బ తలకు తగిలిందని ఆ దర్జీ ఆవిడ పొద్దుగూకేలోపు వీధంతా చెప్పింది.

పన్నెండో రోజు తల్లి కర్ర తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. బుష్ మడమ వైపు అంచు ఏటవాలుగా, కత్తితో కోసినట్టు అరిగిపోయింది. ఆ పక్కన గోరుతో నొక్కితే లోపలి కర్ర గట్టిదనం చేతికి తగులుతోంది. ఎరుపు జాడ లేదు. కూతురు బుష్‌ను నిలువునా కోసి చూసింది. ఎర్ర పొర నడిమధ్యన, చెక్కు చెదరకుండా, క్షేమంగా కూర్చుని ఉంది.

సాన చక్రం నిటారుగా అరగదీసింది కాబట్టి ఎరుపు అందంగా బయటపడింది. కర్ర మీద వాలి నడిచే మనిషికి అరిగేది ఒక్క అంచు. ఈ బుష్ నమ్ముకున్నవాళ్లు ఎరుపు చూడకముందే కింద పడతారు.

కూతురు ఆ రెండు ముక్కలనూ పక్కన పెట్టింది. తర్వాత ఫోను తీసింది.

"వెళ్లొద్దమ్మా. సానబట్టింది పెట్టి అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. ఇది పెట్టి నిజం చెబితే ఎవరూ కొనరు. స్టాల్ వదిలేసుకుంటామని చెప్పేస్తాను."

నెలరోజులుగా తల్లి లోలోపల కోరుకున్న మాటే అది. పిల్ల అంత దూరం వెళ్లకుండా, అంతమంది కొత్తవాళ్ల ముందు నిలబడకుండా ఇంటిపట్టునే ఉంటే చాలనుకుంది. తీరా ఆ మాట పిల్ల నోట వచ్చేసరికి, గొంతులో మందుబిళ్ల కరిగిపోయినంత చేదుగా అనిపించింది.

"ఫోను కింద పెట్టు. ఆ ఎరుపు అంచు దాకా రాదా?"

"వస్తుంది. నాణెంలా కాకుండా సాసరులా చెయ్యాలి, అంచులు పైకి లేచి. బయటి అచ్చు ఇదే సరిపోతుంది, లోపలికి మాత్రం ఇంకోటి చెక్కాలి. నలుపు కూడా కాస్త గట్టిరకం వెయ్యాలి, ఇది మరీ తొందరగా అరుగుతోంది."

దానికి మూడు రోజులు పడుతుందని తమ్ముడు అడ్డుపడ్డాడు. ఉన్నవి పన్నెండు, మూడు పోతే తొమ్మిది. అక్క ఒక్కతే పన్నెండు రోజులు నడిస్తే ఈ మాత్రం అరిగింది, తొమ్మిదిలో ఎక్కడవుతుందన్నాడు.

"రోజుకు రెండింతలు నడుస్తాను," అంది ఆమె. కేక వేయలేదు, బతిమాలలేదు. ఉప్పు అయిపోయింది, తెప్పించాలి అన్నంత మామూలుగా అంది.

తమ్ముడు లేచాడు. "నాకూ ఒక కర్ర చూడండి," అన్నాడు.

కొత్త లోపలచ్చుతో వేసిన మొదటి వాయిలో ఎరుపూ నలుపూ ఒకదాన్నొకటి అంటుకోక, ఉడికించిన గుడ్డు పెంకులా విడిపోయాయి. రెండో వాయిలో ఎరుపు కరిగి నలుపులోకి పాకింది. ప్రెస్సు వేడి తగ్గించి, రెండు రబ్బర్లనూ గరుకు కాగితంతో రుద్ది వేసిన మూడో వాయిలో మూడే మూడు మంచివి వచ్చాయి. ముగ్గురికి మూడు.

ఇక రోడ్డు మీద మూడు కర్రలు. అది అంటువ్యాధి అయి ఉంటుందని దర్జీ ఆవిడ తన పిల్లల్ని ఆ వైపు వెళ్లనివ్వలేదు. తమ్ముడు రైలు అందుకునేవాడిలా టకటకా కొడుతూ నడిచేవాడు. కూతురు మధ్యాహ్నాలు నడిచి, మిగతా వేళ బల్లకు వేసే గుడ్డ, గోడకు తగిలించే బొమ్మ, పెట్టెలు చూసుకునేది. తల్లి పొద్దునా సాయంత్రం రెండు విడతలు నడిచేది. ఏడో రోజున తమ్ముడి బుష్ అడుగున ఎరుపు తేలింది. ఎనిమిదో రోజుకు కూతురిది కూడా. తల్లిది తేలలేదు.

రెండున్నాయి, ఇంకేం, బండెక్కించండి అన్నాడు తమ్ముడు.

"మీరిద్దరూ కాళ్లు బాగున్నవాళ్లలా నడిచారురా. కర్ర కొనేది అలాంటివాళ్లు కాదు. నాది తేలితేనే లెక్క," అంది ఆమె.

మరి తేలకపోతే అని కూతురు అడగలేదు. తేలకపోతే బల్ల మీద ఒక్క బుష్ కూడా పెట్టనివ్వకూడదని తల్లి అప్పటికే తీర్మానించుకుంది.

సరుకు దించే రోజున కన్వెన్షన్ సెంటర్ వెనక పెరట్లో బండ్ల వరస కొండచిలువలా మెలికలు తిరిగి ఉంది. వాళ్ల వ్యాను ముందు నలభై బండ్లు. పెరడంతా గరుకు కాంక్రీటు. అది చూడగానే తల్లి కర్ర తీసుకుని దిగిపోయింది. లారీలు వెనక్కి తిరిగేటప్పుడు మనిషిని చూసుకోవని ఆమెకు భయం, అందుకని గోడవారగా ఒక దారి ఎంచుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి నడక మొదలుపెట్టింది.

పసుపు కోటు వేసుకున్న కాపలా అతను చూసి చూసి జాలిపడి కుర్చీ తెచ్చాడు. "కూర్చోండి పెద్దమ్మా, మీ బండి వచ్చేసరికి గంట పడుతుంది."

"కూర్చుంటే అరగదు నాయనా," అని ఆమె దాటిపోయింది.

గంట కాదు, గంటన్నర పట్టింది. భుజం లాగుతోంది, అరచేతి గుడ్డ చెమటకు తడిసింది. వ్యాను గేటు దాకా చేరిందని తమ్ముడు హారను కొట్టాడు. ఆమె చెయ్యెత్తి, ఒక్కసారి అని సైగ చేసి, ఆ చివరికి వెళ్లి వచ్చింది. కూతురు ఎదురొచ్చి కర్ర అందుకుని తిప్పింది. మడమ అంచున దుమ్ము పేరుకుని ఉంది. బొటనవేలితో తుడిచింది. అంచు వెంబడి దారప్పోగంత సన్నగా ఎరుపు.

తల్లి దాన్ని చూసి వెంటనే నమ్మలేదు. లోపల ఎంత మిగిలిందో చూడమంది. కూతురు సూది గుచ్చి లోతు కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు, సగానికి పైనే. మడమ వైపు రెండుచోట్ల కొలిచింది, రెండుచోట్లా నాలుగే.

"ఇప్పుడు పెట్టు బల్ల మీద," అంది తల్లి.

"ఎలా తెలుస్తుందని రేపు ఎవరైనా అడిగితే నువ్వే చెప్పాలమ్మా. నేను చెబితే చదివి చెప్పినట్టుంటుంది."

లోపల హాల్లో మెడలో కార్డులు వేలాడేసుకుని తిరిగే మనుషులు ఆమెకు కనబడుతూనే ఉన్నారు. వాళ్లలో ఒకడు తన ముందుకొచ్చి నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతుందని ఆమెకు తెలుసు.

"చెబుతాను. ఎన్నాళ్లు వస్తుందంటే మాత్రం ఎనిమిది రోజులు, పొద్దునా సాయంత్రం, ఇంత గరుకు నేల మీద నేను నడిచానని చెబుతాను. అంతకుమించి నాకు తెలియదంటాను. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను."

తమ్ముడు వ్యాను వెనక తలుపు తీశాడు. తల్లి బుష్‌ల పెట్టెకు ఒక కొస పట్టుకుంది, రెండో కొస కూతురు పట్టుకుంది. అడుగు చూసుకో, అక్కడ గడపుంది అని హెచ్చరిస్తూ తల్లి ముందు నడిచింది.